అద్దపుటేట్లో దీపాలు

గుల్లలమొగ రేవులో ఎప్పటినుంచో ఒక మర్యాద ఉంది. వేట నుంచి వచ్చినవాణ్ణి "ఎక్కడేశావు వల?" అని అడిగితే నిజం చెప్పకూడదు. తూర్పు పాయలో వేస్తే పడమటి గట్టు అనాలి. గంపనిండా పండుగప్పలు పడితే "ఏవుంది, నాలుగు పరిగలు" అని మూతి ముడవాలి. అడిగినవాడికి అది అబద్ధమని తెలుసు. వాడికి తెలుసన్న సంగతి చెప్పినవాడికీ తెలుసు. చోటు బయటపెడితే చోటుకి దిష్టి తగులుతుందని తాతలనాటి నమ్మకం. కాబట్టి అడగడం ఒక పలకరింపు, అబద్ధమాడటం దానికి జవాబు. ఇందులో ఏనాడూ ఎవరికీ తప్పు కనపడలేదు. తప్పు పట్టింది ఒక అద్దం బల్ల.

ఆ బల్లని హైమవతి తెచ్చింది. ఆవిడ విశాఖపట్నం నుంచి వచ్చిన నీటి శాస్త్రజ్ఞురాలు. మనిషి బక్కపలచన, మాట నెమ్మది, పట్టుదల మాత్రం ఉడుముది. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలో నీరు ఏటేటా చెడిపోతోంది. ఎగువనున్న రొయ్యల చెరువుల మురుగు దిగి, ఎండాకాలం వచ్చేసరికి ఏరు కాటుకలా నల్లబడుతోంది. సిమెంటూ మందులూ లేకుండా, మడచెట్లతో, ఆల్చిప్పలతో ఆ నీటిని తేర్చే దారి వెతకడానికి ఆవిడ మూడేళ్ళ కిందట రేవు పక్కన రేకుల షెడ్డు వేయించుకుంది.

షెడ్డు మధ్యలో మంచమంత అద్దం బల్ల. అందులో ఏరు ఉండేది. ఊరికే బొమ్మ కాదు, బయట పోటు ఎక్కితే లోపలా పోటు ఎక్కేది, బయట చెరువులు వదిలితే లోపలా నలుపు పాకేది. పక్కనున్న చక్రం తిప్పితే అద్దపుటేరు నాలుగేళ్ళు, పదేళ్ళు ముందుకి పరిగెత్తేది. ఈ మలుపులో ఆల్చిప్పల గట్టు వేస్తే ఏమవుతుంది, ఆ ఒడ్డున మడ నాటితే ఏమవుతుంది, ఒక్క మొక్కా నాటకుండానే చూపించేది. ఊరు ఊరంతా మొదటి నెల్లాళ్ళూ ఆ బల్ల చుట్టూనే ఉంది.

అయితే దానికి రోజూ మేత కావాలి. నీళ్ళలో దింపిన యంత్రాలు పది రోజులు తిరక్కుండా గుల్ల పట్టి మూగబోయేవి. విసిగిపోయిన హైమవతి ఊళ్ళోంచి ఆరుగురు మగవాళ్ళని, ఆరుగురు ఆడవాళ్ళని ఎంచి తలా ఒక ఫోను చేతికిచ్చింది.

"రోజూ మీరు చూసింది దీనికి చెప్పండి, చాలు. నీటి రంగు, రుచి, వాసన, కాళ్ళ కింద బురద, ఏ చేప ఎక్కడ పడింది. యంత్రాలకి గుల్ల పడుతుంది గాని మీకు పట్టదు కదా" అంది.

చెప్పిన ప్రతి మనిషికీ అద్దపుటేట్లో ఒక దీపం. చెప్పిన మాట తర్వాత నిజమని తేలినకొద్దీ దీపం పెరిగేది, ఆ మనిషి మాటకి బల్ల అంత బరువిచ్చేది. తప్పని తేలినకొద్దీ తగ్గేది. తేల్చుకోవడానికి దానికి చాలా సాక్ష్యాలుండేవి. ఆకాశంలోంచి తీసిన బొమ్మలు, వారానికోసారి సీసాల్లో పట్టిన నీరు, రేవులో దిగిన ప్రతి గంపకీ హైమవతి మనుషులు తీసే ఫోటో.

మూడేళ్ళు గడిచేసరికి పేరంటాలు దీపం పెట్రోమాక్సు లైటులా వెలుగుతోంది. ఆమె మొగుడు ఏడుకొండలుది కొడిగట్టిన ప్రమిదలా ఉంది.

ఏడుకొండలంటే ఆషామాషీ మనిషి కాదు. యాభై రెండేళ్ళవాడు, పదమూడో ఏట నుంచీ ఏట్లోనే ఉన్నవాడు. గెడకర్ర దింపితే లోతు, గాలి పీలిస్తే పోటు వేళ చెప్పగలడు. అతని నావ ఎటు మళ్ళితే నాలుగు నావలు దొంగచాటుగా అటే మళ్ళేవి. పేరంటాలంటే ఏముంది, పాటు తీసి నీరు వెనక్కి పోయినప్పుడు నడుంలోతు నీళ్ళలో దిగి కాళ్ళతో తడుముతూ గుల్లలు ఏరుకునే ఆడది. ఆమెకి నావ నడపడం రాదు, వల విసరడం రాదు. అలాంటిది ఊళ్ళో వాళ్ళిప్పుడు నీటి సంగతి ఏదైనా ఉంటే ఆమె గుమ్మం ముందు నిలబడుతున్నారు.

ఒకరోజు టీకొట్టు దగ్గర ఏడుకొండలు మబ్బు చూసి, "రేపు పాయలోకి కొత్తనీరు దిగుద్ది" అన్నాడు.

పక్కనే ఉన్న తాతబ్బాయి టీ ఊదుకుంటూ, "ఎందుకైనా మంచిది, ఓసారి మా చెల్లెల్ని అడిగి సెప్పు బావా" అన్నాడు.

అందరూ నవ్వారు. తాతబ్బాయి పేరంటాలుకి వరసకి అన్న, ఏడుకొండలుకి చిన్నప్పటి నుంచీ వేటలో పోటీ. అతని దీపం కూడా గొప్పదేం కాదు గాని ఏడుకొండలు దానికంటే కాస్త నయం. ఆ కాస్త నయమే ఎక్కువ మండించింది. ఏడుకొండలు సగం టీ వదిలేసి లేచిపోయాడు.

అసూయని అసూయ అనుకునే మగాడు ఎక్కడా ఉండడు. ఏడుకొండలు కూడా అనుకోలేదు. అతనికి కూరలో ఉప్పు ఎక్కువైనట్టు తోచేది. పేరంటాలు పొద్దున్నే ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "ఇయ్యాల నీరు నాలిక్కి జారుడుగా ఉందండి, సెరువులు వదిలినట్టున్నారు" అని చెబుతుంటే ఆ గొంతులో పొగరు వినిపించేది. నిజానికి ఆ గొంతులో పొగరేమీ లేదు, తడిచీరతో వణుకు ఉంది. పనేమీ లేకపోయినా రోజుకోసారి షెడ్డు ముందు నుంచి నడిచి, కిటికీలోంచి రెండు దీపాలూ చూసుకుని వచ్చేవాడు. ఆమెది తగ్గిందేమోనని మొదట చూసేవాడు, తనది పెరిగిందేమోనని తర్వాత.

ఒకసారి ఉండబట్టలేక లోపలికే వెళ్ళాడు.

"మేడంగోరండి, తమరు ఆడోళ్ళ పక్షం పట్టినట్టున్నారు."

హైమవతి తల ఎత్తింది. "దీపం నేను వెలిగించేది కాదు ఏడుకొండలు గారూ. మీరు చెప్పినదీ తర్వాత తేలినదీ బల్ల పోల్చుకుంటుంది. మీరు చేపల్లేవు అన్న రోజున మీ గంప నిండా చేపలుంటున్నాయి. ఫోటో ఉంది. పడమటి గట్టు అంటారు, అక్కడ పండుగప్ప బతకదు."

"అది వల సోటండి. వల సోటు ఎవడైనా సెబుతాడా? అది అబద్ధం కిందకి రాదు."

"బల్లకి ఆ సంగతి తెలియదు కదా."

అతనికి ఆ మాట చెవికెక్కలేదు. మగవాళ్ళ దీపాలు ఆరూ మసకగానే ఉన్నాయనీ, ఎంత గొప్ప వేటగాడైతే దాచుకునే చోట్లు అన్ని ఎక్కువ కాబట్టి తనది అందరికంటే మసకగా ఉందనీ అతనికి తట్టలేదు. ఆడదానికి ఆడది సాయం అనుకుంటూ ఇంటికొచ్చాడు.

అతను దాచుకున్నవాటిల్లో అన్నిటికంటే విలువైనది ఎద్దుగుండం. తూర్పు పాయ మూడో మలుపులో, మడచెట్ల నీడలో, రెండు గెడల లోతున్న గుండం అది. నావ మీద తప్ప అక్కడికి దారి లేదు. పైకి చూస్తే మురుగు తెట్టె కట్టి ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. కాని అడుగున మంచినీటి ఊట ఉంది. ఎండాకాలం అమావాస్య పాటు బాగా తీసినప్పుడు, ఒక్క అరగంట, ఆ ఊట పైదాకా లేస్తుంది. అప్పుడు దోసిలి ముంచితే నీరు చల్లగా, తియ్యగా ఉంటుంది. మిగతా ఏరంతా ఉడికిపోయే ఆ రోజుల్లో చేపలన్నీ వచ్చి ఆ అడుగున తలదాచుకుంటాయి. వానలు పడ్డాక అక్కడినుంచే ఏరంతా పరుచుకుంటాయి. తండ్రి అతన్ని పదమూడో ఏట అక్కడికి తీసుకెళ్ళి, నీళ్ళలో చెయ్యి పెట్టించి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. పెళ్ళయ్యాక పెళ్ళానికైనా చెప్పకూడదని ప్రత్యేకం అన్నాడు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం పేరంటాలు పొయ్యి ముందు కూర్చుని చేపలు వేయిస్తోంది. పొద్దున అతను ఎద్దుగుండం నుంచి తెచ్చిన పండుగప్ప ముక్కలే అవి.

"మావా, తూర్పు పాయలో ఎద్దుగుండం అని ఉందంటగా. అక్కడ నీరెలాగుందని మేడంగోరు అడుగుతుంది. ఆడోళ్ళం ఎల్లే దారి లేదు. నువ్వు సూశావా?"

ఏడుకొండలు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తండ్రికిచ్చిన మాట గుర్తొచ్చింది. దాని వెనకాలే ఇంకో ఆలోచన వచ్చింది. ఈ మనిషి బల్లకి ఒక్కసారి తప్పు చెబితే, ఆ దీపం కాస్త కిందికి దిగుతుంది. రెండో ఆలోచన మొదటి దానికంటే రుచిగా అనిపించింది.

"సచ్చిపోయిందే ఆ గుండం" అన్నాడు. "నీరు కాదు, కుళ్ళు. గెడ దింపితే నల్లబురద. సేపన్నది తొంగి కూడా సూడదు."

పేరంటాలు అట్లకాడ పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఫోను తీసుకుంది. అతను చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పింది. చివర్న, "నేనెల్లలేదండి, మా ఆయన సూశాడు. ఆయన సూశాడంటే నేను సూసినట్టే" అంది.

మర్నాడు అతను పరుగున షెడ్డు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆమె దీపం తగ్గలేదు. మూడో రోజుకి మరికాస్త పెరిగింది. హైమవతి పోటు వేళ పడవ వేయించుకుని వెళ్ళి గుండం పై నీరు సీసాలో పట్టి తెచ్చిందట. పై నీరు కుళ్ళే కదా, పేరంటాలు మాట నిజమైంది.

ఏడుకొండలు చాలాసేపు కిటికీ దగ్గరే ఉండిపోయాడు. తన నోటివెంట వచ్చింది అబద్ధం. అదే మాట ఆమె నోట పడేసరికి వెలుగైంది. కడుపు మండింది, మంటలో కొంచెం తమాషా కూడా ఉంది. ఆ తర్వాత నాలుగు నెలలపాటు వారానికి రెండుసార్లు ఆమె అడగడం, అతను చెప్పడం, ఆమె ఫోనులో అనడం జరిగింది. అతను అబద్ధానికి కొత్త కొత్త హంగులు చేర్చాడు. చచ్చిన పీతలన్నాడు, నీటి మీద నురగన్నాడు. ఏదో ఒకరోజు ఇది తేలకపోదు, ఆ పెట్రోమాక్సు భగ్గుమని ఆరకపోదు అని కాచుకుని కూర్చున్నాడు.

జ్యేష్ఠం చివర ఏట్లోకి వరద ఎర్రనీరు దిగిన వారానికి హైమవతి ఊరిని షెడ్డుకి పిలిచింది. మూడేళ్ళ పని తేలింది. పై అధికారులు ఒక్క చోటుకే అనుమతి ఇస్తారట, ఆ చోటు ఏదో మర్నాటికి రాసి పంపాలి, వరదలు తీసిన వెంటనే కార్తీకంలో పని మొదలు.

"ఇదీ ఆ చోటు" అని ఆవిడ అద్దం మీద వేలు పెట్టింది.

వేలు ఎద్దుగుండం మీద ఉంది.

"ఏరంతటికీ ఇది కుళ్ళు మడత. మురుగు ఇక్కడ చేరి, మళ్ళీ ఇక్కడినుంచే అంతటా పాకుతోంది. మలుపు మొదట్లో ఆల్చిప్పల గట్టు వేస్తాం. నీటితో వచ్చే వండ్రుమట్టి దాని వెనక నిలుస్తుంది, గుండం పూడుతుంది. పూడినచోట మడ నాటుతాం. చూడండి."

చక్రం తిప్పింది. అద్దపుటేట్లో ఒక ఏడాది గడిచింది, గుండం గోధుమరంగుకి తిరిగింది. రెండేళ్ళు, నాలుగేళ్ళు. గుండం ఉన్నచోట పచ్చటి మడ లేచింది. మురుగు తగ్గి ఏరంతా మొగదాకా నీలంగా తేరింది. జనం చప్పట్లు కొట్టారు. పేరంటాలు కూడా కొట్టింది.

ఆ నీలం నీళ్ళలో ఒక్క చేపా ఉండదని ఆ గదిలో తనొక్కడికే తెలుసని ఏడుకొండలు అనుకున్నాడు. ఊట పూడితే ఎండాకాలం చేపలకి దిక్కులేదు. అద్దంలో అందంగా ఉన్న ఆ ఏట్లో నాలుగో ఏటికి విసరడానికి వల ఉంటుంది గాని పడటానికేమీ ఉండదు.

"వద్దు" అన్నాడు.

"ఏమండీ?" అంది హైమవతి.

అందరూ అతని వైపు తిరిగారు. ఎందుకో చెప్పాలంటే చోటు చెప్పాలి. నోటిదాకా వచ్చింది, తండ్రి మొహం గుర్తొచ్చింది. "ఏం లేదండి" అని బయటికి వచ్చేశాడు.

రేవు చివర, ఎవరూ లేనిచోట, తన ఫోను తీసి మూడేళ్ళలో మొదటిసారి నిజం చెప్పాడు. "ఎద్దుగుండం అడుగున ఊట ఉంది. మంచినీరు. సేపలన్నీ అక్కడే ఉంటాయి. పూడ్సకండి." వెనక్కి పరుగెత్తి కిటికీలోంచి చూశాడు. అతని దీపం ఒకసారి అల్లాడింది. గుండం నలుపు ఒక్క పిసరు కూడా మారలేదు.

హైమవతి కిటికీ దగ్గరికి వచ్చింది. "మీ మాట చేరింది ఏడుకొండలు గారూ. బరువు చాల్లేదు. మీ ఆవిడ ముప్పైసార్లు కుళ్ళని చెప్పింది, మీరు ఒక్కసారి కాదన్నారు. అది ఆవిణ్ణి నమ్ముతుంది."

"తమరే ఎల్లి సూడొచ్చు కదండి."

"ఎర్రనీరు దిగాక అడుగున ఊట ఉందో లేదో ఏ యంత్రమూ చెప్పలేదు. మళ్ళీ ఎండాకాలం రావాలి. నేను రేపు పంపాలి."

మర్నాడు పొద్దున పేరంటాలు గట్టు మీద కూర్చుని గుల్లలు వేరు చేస్తోంది. పెద్దవి బుట్టలోకి, చిన్నవి తిరిగి నీళ్ళలోకి. ఏడుకొండలు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. గుండం, ఊట, తండ్రి, ఒట్టు, పొయ్యి దగ్గర చెప్పిన మొదటి అబద్ధం, ఆ తర్వాతవి.

ఆమె చేతులు ఆగలేదు. పెద్దది బుట్టలోకి, చిన్నది నీళ్ళలోకి.

"ఎన్నాళ్ళబట్టి?" అంది చివరికి.

"మాఘం నుంచి."

"అందరికీ సెప్పినట్టే నాకూ సెప్పావన్నమాట."

"నాయనకి మాటిచ్చానే."

"మాటిచ్చినోడివి తెలీదనొచ్చుగా. నేనేవైనా నిలదీశానా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి, చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఆ దీపం కోసవా?"

అతను అవునని తల ఊపాడు.

పేరంటాలు బుట్ట పక్కకి నెట్టింది. "నా దీపం ఎంతుందో నేనెప్పుడూ సూడలేదు మావా. నిన్న మీటింగులోనే సూశాను, అదీ ఎవరో సూపిత్తే. గుల్లలు దింపి, వంటకొచ్చి, మల్లీ పాటుకి ఎల్లేసరికి సరిపోద్ది. షెడ్డుకెల్లి కూకునే తీరికేదీ?"

ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. ఆమె లేచి, చీర దులుపుకుని, షెడ్డు వైపు నడిచింది. అతను వెనకాలే వెళ్ళాడు.

షెడ్డులో అప్పటికే పదిహేనుమంది ఉన్నారు. పేరంటాలు తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "ఎద్దుగుండం గురించి మాఘం నుంచి నేను సెప్పినయన్నీ అబద్ధం. ఒక్కటీ నమ్మకండి" అంది. మొగుడు చెప్పాడని అనలేదు. అంటుందని అతను కాచుకుని ఉన్నాడు, అనలేదు.

అందరి ముందూ ఆమె దీపం దిగడం మొదలుపెట్టింది. పెట్రోమాక్సు నుంచి లాంతరు, లాంతరు నుంచి ప్రమిద. ఇన్నాళ్ళూ అతను కోరుకున్నది సరిగ్గా ఇదే. కోరుకున్నట్టే జరిగేసరికి అతను అటు చూడలేకపోయాడు. దీపంతోపాటు అద్దపుటేరు కూడా మసకబారింది. మూడేళ్ళ ఏరు సగం ఆమె మాట మీదే నిలబడి ఉంది మరి. పాయల మీద పొగమంచులా బూడిదరంగు కమ్మింది. హైమవతి బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"ఇప్పుడు గుండం నలుపు కాదు, తెలియదు అంటోంది" అంది ఆవిడ నెమ్మదిగా. "తెలియదని రాసి పంపితే, గుండం నల్లగా ఉన్న నా పాత పటం మీదే పని చేసేస్తారు. అక్కడ ఊట ఉందని దీనికి రుజువు కావాలి. చెప్పగలిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

మగవాళ్ళందరూ తమ కాళ్ళ వేళ్ళు చూసుకున్నారు.

"గంపల ఫోటోలున్నాయన్నారు కదండి" అన్నాడు ఏడుకొండలు. "మూడేళ్ళవీ ఉన్నాయా?"

"ఉన్నాయి. తేదీలతో సహా."

"ఒక్కొక్కటీ సూపించండి. ఏది ఎక్కడ పట్టానో సెబుతాను."

అతను బల్ల ముందు నేల మీద కూర్చున్నాడు. హైమవతి ఫోటో చూపించడం, అతను చెప్పడం, ఆ తేదీకి ఆ చోట అలాంటి చేపలు పడగలవో లేదో బల్ల పోల్చుకోవడం. ఇది ఎద్దుగుండం, చైత్ర అమావాస్య, పాటు చివర. ఇది కర్రలపాయ నోరు. ఇది చాకిరేవు వెనక ఇసుకమెరక, మా తాత చూపించాడు. ఇది మళ్ళీ ఎద్దుగుండం. తండ్రి చోట్లు, తాత చోట్లు, తను కనిపెట్టినవి, తాతబ్బాయి ముక్కు కిందే ఉండి తాతబ్బాయికి తెలియనివి. తొమ్మిదింటికి మొదలుపెట్టినవాడు మధ్యాహ్నం దాకా ఆపలేదు. రేవులోంచి మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడవారన చేరారు. ఒక మనిషి అందరి ముందూ తన ఇంటి పెట్టె బోర్లిస్తున్నట్టుంది, చూడాలో తల తిప్పుకోవాలో వాళ్ళకి తెలియలేదు.

"ఇంక సాలు బావా" అన్నాడు తాతబ్బాయి.

"సాలదు. దానికింకా నమ్మకం కుదర్లేదు."

నిజమే. గుండం బూడిదరంగు విరిగి అంచుల్లో నీలం కనిపిస్తోంది, అంతే. తాతబ్బాయి కాసేపు తటపటాయించి, తన ఫోను తీశాడు.

"ఎద్దుగుండంలో ఊట మాట నిజవేనండి. ఎండల్లో నేనూ అక్కడే ఏత్తాను. పన్నెండేళ్ళబట్టి."

ఏడుకొండలు గిరుక్కున తిరిగి చూశాడు. పన్నెండేళ్ళు. తండ్రి ఒట్టు పెట్టించిన చోటు, పెళ్ళానికి కూడా చెప్పని చోటు, దానికోసం ఇంత చేసిన చోటు. అంతటి అవస్థలోనూ, ఆ ఒక్క క్షణం, అతనికి మళ్ళీ కడుపు మండింది. మంట చల్లారాక నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

తాతబ్బాయి గంపల ఫోటోలు కూడా చూపించాక బల్ల కదిలింది. గుండం నడిమధ్య నీలం చుక్క లేచి విచ్చుకుంది. దాని చుట్టూ ఏరు మళ్ళీ రంగులు పోసుకుంది. హైమవతి చక్రం వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, మళ్ళీ వెతికింది. పొద్దు వాలేవేళకి ఆల్చిప్పల గట్టు చోటు మారింది. రొయ్యల చెరువుల మురుగు తూము ఏట్లో పడేచోట, గుండానికి రెండు మలుపులు ఎగువన. కొంచెం ఎక్కువ కాలం పడుతుంది, ఆరేళ్ళు. కాని ఆ అద్దపుటేట్లో ఆరేళ్ళ తర్వాత నీరూ ఉంది, చేపా ఉంది. ఆవిడ అదే రాసి పంపింది.

కార్తీకంలో పని మొదలైంది. ఊరంతా కొబ్బరితాళ్ళ వలల్లో ఆల్చిప్పలు నింపి తూము దగ్గర గట్టు పేర్చారు, వెనక మడ నాటారు. తాళ్ళు బిగించడంలో ఏడుకొండలుని మించినవాడు లేడని హైమవతి నలుగురి ముందూ అంది. అతను వినిపించుకోనట్టే ఉన్నాడు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. చైత్ర అమావాస్య నాడు పొద్దున్నే పాటు బాగా తీసింది. ఏడుకొండలు నావ మూడో మలుపు తిరిగేసరికి ఎద్దుగుండం చుట్టూ పదకొండు నావలున్నాయి. ఒకప్పుడైతే గుండె పగిలేది. ఇప్పుడు ఖాళీ చూసుకుని గెడ గుచ్చి నావ ఆపాడు. వలలు కాసేపాగి వేయాలని, ఊట లేచే అరగంటా ఎవరూ వేయకూడదని ఊళ్ళో మాట అనుకున్నారు. అది కూడా అతను పెట్టించిన కట్టుబాటే.

నావ ముందు భాగంలో పేరంటాలు కూర్చుని ఉంది. గుండం సంగతి ఇప్పుడు ఆమే వచ్చి చెబుతోంది, హైమవతి అలా అడిగింది మరి. అద్దపుటేట్లో ఇప్పుడు ఏడుకొండలు దీపం ఆమె దానికంటే పెద్దది. షెడ్డు ముందు నుంచి నడిచి వెళ్ళేటప్పుడు అతను తల తిప్పి చూడటం మానేశాడు.

నీటి మీద తెట్టె విచ్చుకుంది. అడుగునుంచి తేట లేస్తోంది. అతను దోసిలి ముంచి తాగాడు, చల్లగా గొంతు దిగింది. పదమూడో ఏట తండ్రి పక్కన తాగిన రుచే.

"లేచింది పేరంటాలూ. నీరు తియ్యగా ఉంది. సెప్పు" అన్నాడు.

ఆమె ఫోను తీసింది. నోటి దగ్గరకి తీసుకెళ్ళలేదు. ఒళ్ళో పెట్టుకుని, నావ అంచు మీంచి వంగి, చెయ్యి మోచేతిదాకా ముంచింది. వేళ్ళు నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు ఆగింది. ఇంకోసారి ముంచి చూసింది.

అతను గెడ పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. పాతికేళ్ళపాటు అతను అన్న మాటని ఈ మనిషి నిజమో కాదోనని ఒక్కనాడూ తాకి చూసుకోలేదు. ఏ బల్ల మీదా వెలగని, ఎవరూ కొలవని ఆ దీపాన్ని అతను ఒక్కసారైనా తల తిప్పి చూసుకోలేదు. ఇప్పుడు చూస్తున్నాడు, అది అక్కడ లేదు.

పేరంటాలు చెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"ఎద్దుగుండంలో ఊట లేచిందండి. నీరు తియ్యగా ఉంది" అంది. ఒక్క క్షణం ఆగి, "నేను సూసి సెబుతున్నాను" అంది.